బింజ్ ఈటింగ్: తిండి అదుపు తప్పిన మర్నాడు

తక్కువ వ్యవధిలో, మామూలుగా ఎవరూ తిననంత తిండిని, ఆపుకోలేకపోతున్నానని తెలుస్తూనే తినేయడాన్ని వైద్యులు బింజ్ ఈటింగ్ అంటారు. పెళ్లిభోజనంలో మారు వడ్డించుకోవడం, పండగపూట నాలుగు బొబ్బట్లు ఎక్కువ లాగించడం ఇందులోకి రావు. తేడా పరిమాణంలో కొంతే, అదుపులోనే ఎక్కువ. ఆకలి లేకున్నా మొదలవుతుంది, నమిలీ నమలకుండా సాగుతుంది, పొట్ట బిగిసి ఇబ్బంది పెట్టేదాకా ఆగదు. చాలాసార్లు ఇల్లంతా పడుకున్నాక, ఎవరి కంటా పడకుండా జరుగుతుంది. ఆ తర్వాత సిగ్గు, తన మీద తనకే రోత. ఇలా వారానికి కనీసం ఒకసారి చొప్పున మూడు నెలలపాటు జరుగుతూ, తిన్నదాన్ని వదిలించుకునే ప్రయత్నాలు అలవాటుగా లేకపోతే దాన్ని బింజ్ ఈటింగ్ డిజార్డర్‌గా గుర్తిస్తారు. వాంతి చేసుకోవడం, విరేచనాల మందులు మింగడం, కఠిన ఉపవాసాలు పదేపదే తోడైతే అది బులీమియా నెర్వోసా.

దీన్ని జబ్బుగా ఒప్పుకోవడానికి వైద్యలోకానికే అర్ధశతాబ్దం పట్టింది. స్థూలకాయుల తిండి తీరులను గమనించిన అమెరికన్ మానసిక వైద్యుడు ఆల్బర్ట్ స్టంకార్డ్ 1959లోనే దీన్ని వర్ణించారు. లండన్‌లో జెరల్డ్ రస్సెల్ 1979లో బులీమియాకు పేరు పెట్టారు. బింజ్ ఈటింగ్ మాత్రం 1994 నాటి అమెరికన్ రోగనిర్ధారణ గ్రంథం అనుబంధంలో, ఇంకా పరిశీలించాల్సిన విషయంగా మిగిలి, 2013లో గానీ సొంత స్థానం పొందలేదు. 2007లో వెలువడిన అమెరికా సర్వే ప్రకారం జీవితకాలంలో ఎప్పుడో ఒకప్పుడు దీని బారిన పడ్డవారు స్త్రీలలో 3.5 శాతం, పురుషులలో 2 శాతం. తిండి మానేసి చిక్కిపోయే అనోరెక్సియా, బులీమియా రెండూ కలిపినా అంతమంది లేరు. బాధితులంతా లావుగా ఉంటారనుకోవడమూ పొరపాటే. మన ఇళ్లలో ఇప్పటికీ దీన్ని జబ్బు కింద కాక నోరు కట్టుకోలేనితనం కింద జమ కడతారు.

నోరు కట్టుకోవడంలో ఎవరికీ తీసిపోని 36 మంది యువకుల కథ ఇక్కడ చెప్పుకోవాలి. రెండో ప్రపంచయుద్ధంలో ఆయుధం పట్టడానికి మనస్సాక్షి ఒప్పుకోక, సైన్యానికి బదులు వైద్యప్రయోగానికి ముందుకొచ్చినవారు వాళ్లు. యుద్ధంతో కరువుపాలైన ప్రజలకు మళ్లీ తిండి ఎలా పెట్టాలో తెలుసుకోవడం కోసం 1944 నవంబరులో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ ఈ ప్రయోగం మొదలుపెట్టారు. శారీరకంగా, మానసికంగా దృఢంగా ఉన్నవారినే ఏరి తీసుకున్నారు. మొదటి 12 వారాలు మామూలు భోజనం. తర్వాత 24 వారాలు దాదాపు సగం తిండి. బరువులో నాలుగో వంతు కరిగిపోయింది. అంతకన్నా విచిత్రంగా బుద్ధి మొత్తం తిండి చుట్టూ తిరగడం మొదలైంది. అంతకుముందు వంటింటి ముఖం చూడనివారు వంటల పుస్తకాలు పోగేశారు, పళ్లేలు నాకారు, ఒక్కో భోజనాన్నీ గంటలకొద్దీ సాగదీశారు. కొందరు నిబంధన తప్పి దొరికిందల్లా తిని, ఆ తర్వాత కుమిలిపోయారు. కట్టుబాటు ఎత్తేశాక కొందరికి పొట్ట నిండినా ఆకలి తీరలేదు. ఈ అనుభవమంతా 1950లో రెండు సంపుటాలుగా వచ్చింది. ఆ యువకుల్లో సంకల్పబలం లేదనగలవాళ్లెవరు? తిండి కరువైన శరీరం తిండి దొరికినప్పుడు చేసే పనే వాళ్ల శరీరాలూ చేశాయి.

రెండో ప్రయోగం చిన్నది, కాస్త సరదాగానూ ఉంటుంది. 1975లో పీటర్ హెర్మన్, డెబొరా మాక్ కొందరు విద్యార్థినులకు మిల్క్‌షేక్ ఇచ్చి, ఆపైన రుచి చూసి చెప్పండంటూ ఐస్‌క్రీమ్ గిన్నెలు ముందుపెట్టారు. తిండి విషయంలో పెద్దగా పట్టింపు లేనివారు మిల్క్‌షేక్ తాగినందుకు ఐస్‌క్రీమ్ తగ్గించారు. డైటింగ్ మనస్తత్వం ఉన్నవారు మాత్రం మిల్క్‌షేక్ తాగాక ఇంకా ఎక్కువ తిన్నారు. నియమం ఎలాగూ భంగమైంది, ఇంకేం మిగిలిందన్న ధోరణి అది. నిండా మునిగినవాడికి చలేమిటన్న మన సామెత సరిగ్గా ఇదే.

ఈ రెంటినీ పక్కపక్కన పెడితే విషవలయం ఎక్కడ తిరుగుతోందో కనిపిస్తుంది. రాత్రి అదుపు తప్పుతుంది. పొద్దున పశ్చాత్తాపంతో టిఫిన్ మానేస్తారు, మధ్యాహ్నం అన్నం బదులు కీరా ముక్కలతో సరిపెడతారు, ఈ సోమవారం నుంచి తీపి ముట్టనని ఒట్టేసుకుంటారు. సాయంత్రానికి శరీరం ఆకలితో, మనసు నిషేధాలతో అలసిపోతుంది. రాత్రికి కథ మళ్లీ మొదటికి. అందరూ నిందించేది రాత్రి తిన్న తిండిని. అసలు తెంచాల్సిన ముడి మర్నాటి ఉపవాసం దగ్గర ఉంది.

అలాగని ప్రతి కేసూ డైటింగ్‌తోనే మొదలవదు. డైటింగ్ మొహం చూడకముందే అతితిండి మొదలైనవారు బాధితుల్లో తక్కువేం కాదు. ఒంటరితనం, ఇంట్లో గొడవ, పరీక్షల భయం, ఊరికే తోచకపోవడం కూడా కారణాలవుతాయి. నైట్ షిఫ్టు ముగించుకుని తెల్లవారుజామున ఒంటరి గదికి చేరే హైదరాబాద్ ఉద్యోగికి ఫోన్‌లో బిర్యానీ ఆర్డర్ చేయడం కన్నా తేలికైన ఓదార్పు దొరకదు. పైగా పెళ్లిలో ఎదురైన ప్రతి చుట్టమూ యోగక్షేమాలకన్నా ముందు ఒంటి సంగతే ఎత్తుతారు. నిద్ర చాలకపోయినా ఆకలి పెరుగుతుంది.

అదుపు తప్పిన ఆ రాత్రి చేయాల్సింది తక్కువే. కాసేపు నిటారుగా కూర్చోవడం, వీలైతే నెమ్మదిగా నడవడం, దాహమైతే నీళ్లు కొద్దికొద్దిగా తాగడం. తిన్న వెంటనే పడుకోకపోతే గుండెల్లో మంట తగ్గుతుంది. కొన్ని గంటల్లో జీర్ణాశయం తన పని తాను చేసుకుంటుంది. వాంతి చేసుకోకూడదు. పదేపదే చేసుకుంటే ఒంట్లో పొటాషియం పడిపోయి గుండె లయ తప్పుతుంది, పళ్ల ఎనామెల్ అరుగుతుంది. విరేచనాల మాత్రలు మరీ దండగ. పోషకాలు దాదాపు అన్నీ చిన్నపేగులోనే ఒంటికి పట్టేస్తాయి, ఆ మాత్రలు పనిచేసేది ప్రధానంగా పెద్దపేగులో. పోయేది నీరు, లవణాలే. భరించలేని కడుపునొప్పి, ఉబ్బరం, వాంతిలో రక్తం, స్పృహ తప్పడం, గుండె దడ కనిపిస్తే మాత్రం వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

మర్నాడు తూకం ఎక్కకపోవడమే మేలు. ఉప్పు, పిండిపదార్థాలు ఎక్కువ తిన్నప్పుడు ఒంట్లో నీరు నిలుస్తుంది, ముల్లు చూపేదంతా కొవ్వు కాదు. రోజూ తినే వేళకే టిఫిన్ తినాలి. ఇడ్లీ, ఉప్మా, పెసరట్టు ఏదైనా సరే. ఆకలి లేకపోతే కొంచెం తగ్గించవచ్చు గానీ మానకూడదు. మధుమేహానికి ఇన్సులిన్ గానీ మాత్రలు గానీ వాడేవారికి ఇది మరీ ముఖ్యం. మందు పడి భోజనం పడకపోతే చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. రాత్రి తిన్నదానికి విరుగుడుగా మోతాదు సొంతంగా పెంచడమూ అంతే ప్రమాదం. డాక్టరును అడగాలి.

దీర్ఘకాలిక చికిత్సకు పునాది వేసినవారిలో ఆక్స్‌ఫర్డ్ మానసిక వైద్యుడు క్రిస్టఫర్ ఫెయిర్‌బర్న్ ముఖ్యుడు. 1995లో ఆయన బాధితుల కోసమే రాసిన స్వయంసహాయక పుస్తకం ఇప్పటికీ వాడుకలో ఉంది. ఆయన పద్ధతిలో మొదట బరువు తగ్గించరు, వేళకు తినడం నేర్పుతారు. రోజుకు మూడు పూటల భోజనం, మధ్యలో రెండు మూడు చిరుతిళ్లు, తిండికీ తిండికీ నాలుగు గంటలకు మించని ఎడం. మన వంటింట్లో దీనికి కొత్త సరుకేం అక్కర్లేదు. గుగ్గిళ్లు, పల్లీలు, అరటిపండు, మజ్జిగ చాలు. తిన్నది తిన్నప్పుడే రాసుకోవాలి. కేలరీలు కాదు, ఎన్ని గంటలకు, ఎక్కడ, ఎవరితో, అంతకుముందు ఏం జరిగిందన్నది. రెండు వారాలు రాస్తే చాలామందికి తమ ప్రమాదవేళలు తామే కనిపెట్టగలిగే పరిస్థితి వస్తుంది. తూకం వారానికి ఒక్కసారే. నిషేధించుకున్న తిండిని, మిరపకాయ బజ్జీ అయినా బందరు లడ్డూ అయినా, మనసు కుదుటపడ్డాక కొద్దికొద్దిగా, నలుగురితో కూర్చుని, మళ్లీ భోజనంలోకి తెచ్చుకుంటారు.

తెలుగు ఇళ్లలో ఇక్కడ ఒక చిక్కు వస్తుంది. శనివారం ఒక్కపొద్దులు, ఏకాదశులు, రంజాన్ ఉపవాసాలు. కోలుకుంటున్న కాలంలో వీటిని వాయిదా వేయమనే వైద్యులు చెబుతారు. జబ్బుచేసినవారికి ఇస్లాం స్పష్టంగానే మినహాయింపు ఇస్తోంది, మన పెద్దలూ రోగులను, పసివాళ్లను ఉపవాసం ఉండమనరు. ఇబ్బంది ఏమిటంటే, పైకి కనబడని ఈ రోగాన్ని రోగమని ముందు ఇంట్లో ఒప్పుకోవాలి.

తనను తాను తిట్టుకుంటే బుద్ధొస్తుందన్న నమ్మకాన్నీ పరిశోధన బలపరచదు. 2007లో క్లెయిర్ ఆడమ్స్, మార్క్ లియరీ జరిపిన ప్రయోగంలో డైటింగ్ పట్టింపున్న యువతులకు డోనట్ తినిపించి, కొందరితో మాత్రం అందరూ తింటారు, తమను తాము నిందించుకోవద్దని చెప్పారు. తర్వాత మిఠాయిలు ముందుపెడితే ఆ మాట విన్నవాళ్లే తక్కువ తిన్నారు.

బ్రిటన్ జాతీయ వైద్య మార్గదర్శకాలు (2017) పెద్దలకు మొదట సూచించేది, ఒకరి పర్యవేక్షణలో సాగే స్వయంసహాయం. అది చాలకపోతే బృందంగా, లేదా విడిగా, ఆలోచనల తీరునూ అలవాట్లనూ మార్చే కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ. ఈ చికిత్స లక్ష్యం బరువు తగ్గించడం కాదని రోగికి ముందే చెప్పమని అవే మార్గదర్శకాలు అంటాయి. మందుల్లో లిస్‌డెక్సామ్ఫెటమిన్‌ను ఈ జబ్బుకు వాడటానికి అమెరికా 2015లో అనుమతి ఇచ్చింది. అలవాటుపడే ప్రమాదం ఉంది కనుక అది వైద్యుల చేతిలోనే ఉండాల్సిన మందు.

మన దేశంలో మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం (2017) ఆరోగ్య బీమాలో మానసిక వ్యాధులను శారీరక వ్యాధులతో సమానంగా చూడాలంటోంది. 2022 అక్టోబరులో మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేసి తెలుగులో ఉచితంగా మాట్లాడవచ్చు. ఫోన్‌లోనైనా, క్లినిక్‌లోనైనా బరువు తగ్గాలని చెబితే చేతికి డైట్ చార్టు వచ్చే అవకాశమే ఎక్కువ. తిండి అదుపు తప్పుతోంది, వారానికి ఇన్నిసార్లు, తర్వాత ఇలా ఉంటోంది అని చెబితే సంభాషణ వేరే దారిలో మొదలవుతుంది.