34 మిల్లీమీటర్ల దొంగదారి

1995లో ప్రపంచ ర్యాలీ చాంపియన్‌షిప్ ముగింపు దశకు చేరింది. పాయింట్ల పట్టికలో పైనున్న వాళ్లలో టయోటా డ్రైవర్ యుహా కంకునెన్ ఒకడు. ఇంతలో స్పెయిన్‌లోని కాటలోనియా ర్యాలీలో టయోటా సెలికా కారు టర్బోను, అంటే ఇంజన్‌లోకి గాలిని నెట్టే పంపును, విప్పి చూసిన తనిఖీదారులకు ఒక విచిత్రం కనబడింది.

ఆ ఏడాది నిబంధన ప్రకారం టర్బోలోకి వెళ్లే గాలంతా 34 మిల్లీమీటర్ల కన్నంలోంచే పోవాలి. అంతకుముందు అది 38 ఉండేది. రిస్ట్రిక్టర్ అనే ఈ కన్నంలో గాలి ధ్వని వేగాన్ని అందుకుందంటే ఇక అంతే, టర్బో ఎంత గుంజినా అదనంగా గాలి రాదు. టయోటా జట్టు కన్నం జోలికి పోలేదు, దాని పక్కనే దారి తీసింది. గొట్టాన్ని పట్టి ఉంచే క్లిప్‌ను ప్రత్యేక పనిముట్టుతో బిగిస్తే, లోపలున్న రిస్ట్రిక్టర్ 5 మిల్లీమీటర్లు ముందుకు జరిగి ఒక సందు తెరుచుకునేది. తనిఖీ కోసం క్లిప్ వదులు చేయగానే స్ప్రింగులు ఆ సందును మూసేసేవి. దీనివల్ల దాదాపు 25 శాతం అదనపు గాలి, ఓ 50 హార్స్‌పవర్ అదనపు శక్తి దక్కేవని అంచనా. ముప్పై ఏళ్లలో ఇంత తెలివైన మోసం చూడలేదని ప్రపంచ మోటారు క్రీడల సంస్థ ఎఫ్‌ఐఏ అప్పటి అధ్యక్షుడు మాక్స్ మోస్లీయే మెచ్చుకోలుగా అన్నాడు. మెచ్చుకున్నా శిక్ష తప్పలేదు. పాయింట్లన్నీ పోయాయి, జట్టుపై ఏడాది నిషేధం పడింది.

గాలి కోసం ఇంత తెగింపు ఎందుకంటే, కిలో పెట్రోలు సరిగా మండాలంటే సుమారు 14.7 కిలోల గాలి కావాలి. ఇంధనాన్ని ఎంతైనా పోయవచ్చు, గాలినే సంపాదించుకోవాలి. అమెరికాలో నాస్కార్ కారు పందేల నిర్వాహకులు ఇదే సూత్రాన్ని తిరగేసి వాడుకున్నారు. 1987లో టల్లడేగా ట్రాక్‌పై బిల్ ఇలియట్ గంటకు 212.809 మైళ్లు, అంటే సుమారు 342 కిలోమీటర్ల వేగంతో క్వాలిఫై అయ్యాడు. అదే పోటీలో బాబీ ఆలిసన్ కారు గాల్లోకి లేచి కంచెను చీల్చింది, ప్రేక్షకులు గాయపడ్డారు. మరుసటి ఏడాది నుంచి టల్లడేగా, డేటోనాల్లో కార్బ్యురేటర్ కింద నాలుగు చిన్న కన్నాల రేకు వచ్చి కూర్చుంది.

కన్నం చిన్నదైతే శక్తి తగ్గుతుంది సరే, మరి పెద్దది చేస్తే పెరగాలిగా? పెడల్ తొక్కితే తిరిగే పళ్లెంతో ఇంజన్‌లోకి గాలిని వదిలే భాగం థ్రాటిల్ బాడీ. పెద్ద థ్రాటిల్ బాడీల వ్యాపారమంతా ఈ ప్రశ్న మీదే నడిచింది.

ఫోర్డ్ మస్టాంగ్ కథ చూద్దాం. 1986లో దాని 5 లీటర్ల ఇంజన్‌కు కార్బ్యురేటర్ పోయి ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది. తర్వాత సుమారు 60 మిల్లీమీటర్ల థ్రాటిల్ బాడీ తీసేసి 65 పెట్టుకోవడం కుర్రకారుకు సరదా అయింది. కన్నం వైశాల్యం 17 శాతం పెరిగిన మాట నిజమే. కానీ 5,000 ఆర్‌పీఎం వద్ద ఆ ఇంజన్ సెకనుకు పీల్చేది మహా అయితే 200 లీటర్ల పైచిలుకు. 60 మిల్లీమీటర్ల దారిలో ఆ గాలి వేగం సెకనుకు 75 మీటర్లకు మించదు. ధ్వని వేగమేమో 340. అంటే అక్కడ ఇరుకే లేదు. ఫోర్డ్ కూడా 1993 కోబ్రాకు 65 పెట్టింది గానీ, దాంతోపాటు సిలిండర్ హెడ్లు, ఇన్‌టేక్ మానిఫోల్డ్ కూడా మార్చాకే 235 హార్స్‌పవర్ అని ప్రకటించింది. లోపల కాలువ పూడిక తీయకుండా చెరువు తూమొక్కటే వెడల్పు చేస్తే పొలానికి నీళ్లు పారతాయా?

అయినా కొన్నవాళ్లు కారు ఎగిరిపోతోందని ప్రమాణం చేసేవారు. వాళ్లు అబద్ధమాడలేదు. పెద్ద పళ్లెం కొద్దిగా తిరిగినా ఎక్కువ సందు తెరుచుకుంటుంది కాబట్టి, పెడల్ మీద కాలు ఆనగానే బండి ఉరుకుతుంది. పూర్తిగా తొక్కినప్పుడు మాత్రం శక్తి దాదాపు పాతదే. 1989 నాటి నిస్సాన్ స్కైలైన్ జీటీ-ఆర్‌లో సిలిండర్‌కు ఒకటి చొప్పున ఆరు థ్రాటిళ్లు పెట్టడంలోనూ, పెడల్‌కు ఇంజన్ వెంటనే స్పందించాలన్నదే అసలు ఉద్దేశం.

మన ఇంజనీరింగ్ విద్యార్థులు కోయంబత్తూరులో జరిగే విద్యార్థుల కార్ల పోటీ ఫార్ములా భారత్‌కు కార్లు తీసుకెళ్లినప్పుడు ఈ పాఠం నిబంధనల పుస్తకంలోనే ఎదురవుతుంది. టర్బో లేని పెట్రోలు కారులో ముందు థ్రాటిల్, తర్వాత 20 మిల్లీమీటర్ల రిస్ట్రిక్టర్, ఆ తర్వాతే ఇంజన్ ఉండాలి. ఎంత పెద్ద థ్రాటిల్ కొన్నా గాలి ఆ 20లోంచి దూరాల్సిందే. అందుకే జట్లు తమ బుర్రంతా ఆ కన్నం వెనకాల విచ్చుకునే శంకువు కోణం మీద పెడతాయి.