భారతదేశంలో గుండె శస్త్రచికిత్సల వ్యయం

గుండె శస్త్రచికిత్సల వ్యయం అనగా గుండెజబ్బుకు ముందుగా తేదీ నిర్ణయించుకొని చేయించుకొనే శస్త్రచికిత్సకు గాని, రక్తనాళం గుండా సన్నని గొట్టాన్ని పంపి చేసే చికిత్సకు గాని ఆసుపత్రిలో అయ్యే మొత్తం ఖర్చు. ప్రపంచ బ్యాంకు దేశాలను తలసరి ఆదాయాన్ని బట్టి అల్పాదాయ, దిగువ మధ్యాదాయ, ఎగువ మధ్యాదాయ, అధికాదాయ దేశాలుగా విభజించింది. భారతదేశం దిగువ మధ్యాదాయ దేశాల కోవకు చెందినది. అనేక అల్పాదాయ దేశాలలో ఇటువంటి చికిత్స చేసే ఆసుపత్రులే అరుదు. అధికాదాయ దేశాలలో చాలావరకు ప్రభుత్వమో, బీమా సంస్థో ఖర్చు భరిస్తుంది. మధ్యాదాయ దేశాల సమస్య వీటికి భిన్నమైనది. ఇక్కడ నిపుణులైన వైద్యులు, ఆధునిక ఆసుపత్రులు నగరాలలో ఉన్నాయి. కాని ఆ ఖర్చు తరచుగా రోగి కుటుంబమే భరించవలసి వస్తుంది.

ముఖ్యమైన చికిత్సలు

గుండెపోటు వచ్చినపుడు వెంటనే చేసే చికిత్సను అత్యవసర చికిత్స అంటారు. రోగి పరిస్థితి నిలకడగా ఉన్నపుడు కొన్ని రోజులో, వారాలో ముందుగా నిర్ణయించి చేసేది ప్రణాళికాబద్ధ చికిత్స. ఈ రెండవ రకంలో ఆసుపత్రిని ఎంచుకొనడానికి, ఖర్చులు పోల్చి చూచుకొనడానికి, రెండవ వైద్యుని అభిప్రాయం తీసికొనడానికి వ్యవధి ఉంటుంది. వీటిలో ముఖ్యమైనవి:

* ఆంజియోప్లాస్టీ - పూడుకున్న హృదయ ధమనిని బుడగతో వెడల్పు చేసి, అది తిరిగి మూసుకుపోకుండా స్టెంటు అనే లోహపు జాలీని అమర్చడం.
* బైపాస్ శస్త్రచికిత్స - కాలి నుండి గాని, ఛాతీ లేదా చేతి నుండి గాని తీసిన రక్తనాళంతో పూడిక ఉన్న చోటును దాటి రక్తానికి కొత్త దారి కల్పించడం.
* కవాటాల మార్పిడి - చెడిపోయిన గుండె కవాటం (వాల్వు) స్థానంలో కృత్రిమ కవాటాన్ని అమర్చడం.
* పుట్టుకతో వచ్చిన లోపాలను, ముఖ్యంగా గుండెలోని రంధ్రాలను సరిచేయడం.
* పేస్‌మేకరు అమర్చడం.

చరిత్ర

బైపాస్ శస్త్రచికిత్సను 1967లో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో అర్జెంటీనా దేశస్థుడైన రెనే ఫవలోరో ప్రాచుర్యంలోకి తెచ్చాడు. భారతదేశంలో మొదటి బైపాస్‌ను 1975లో మద్రాసు పెరంబూరులోని రైల్వే ఆసుపత్రిలో డా. కె.ఎం.చెరియన్ చేశాడు. తొలి కరొనరీ ఆంజియోప్లాస్టీని 1977లో జ్యూరిచ్ నగరంలో ఆండ్రియాస్ గ్రుంట్‌జిగ్ చేశాడు. ఈ పద్ధతి 1980వ దశకంలో భారతదేశానికి వచ్చింది. ఆ రోజులలో పరికరాలన్నీ దిగుమతి చేసుకోవలసినవే. కనుక ఈ చికిత్సలు సంపన్నులకు, ప్రభుత్వోద్యోగులకు, కొద్ది సంఖ్యలో ప్రభుత్వ ఆసుపత్రులకు చేరగలిగిన రోగులకు మాత్రమే అందుబాటులో ఉండేవి.

వ్యయంలోని అంశాలు

ఆసుపత్రి బిల్లులో సాధారణంగా ఈ క్రింది అంశాలుంటాయి.

* పరీక్షలు: ఇ.సి.జి., ఎకో, రక్తపరీక్షలు, ఆంజియోగ్రాం.
* పరికరాలు: స్టెంట్లు, బుడగలు, కవాటాలు, తీగలు. ఆంజియోప్లాస్టీ బిల్లులో వీటిదే పెద్ద వాటా.
* ఒకసారి మాత్రమే వాడదగిన సామగ్రి: గుండె ఆపి చేసే శస్త్రచికిత్సలో రక్తానికి ప్రాణవాయువు అందించే ఆక్సిజనేటరు ఇటువంటిదే.
* ఆపరేషన్ థియేటరు లేదా క్యాథ్ ల్యాబ్ రుసుము.
* వైద్యులు, మత్తు నిపుణులు, నర్సులు, గుండె-ఊపిరితిత్తుల యంత్రాన్ని నడిపే సాంకేతిక నిపుణుల ప్రతిఫలం.
* ఐ.సి.యు., గది అద్దె, మందులు, రక్తం.

ఆంజియోప్లాస్టీ రోగి సాధారణంగా ఒకటి నుండి మూడు రోజులలో ఇంటికి పోగలడు. బైపాస్ రోగి సుమారు వారం రోజులు ఆసుపత్రిలో ఉంటాడు. అందులో రెండు మూడు రోజులు ఐ.సి.యు.లోనే. అందుచేత ఆంజియోప్లాస్టీ ఖర్చును పరికరం నిర్ణయిస్తే, బైపాస్ ఖర్చును ఎక్కువగా ఆసుపత్రిలో గడిపిన రోజులు, సిబ్బంది శ్రమ నిర్ణయిస్తాయి. ఇన్‌ఫెక్షన్ వంటి ఉపద్రవం కలిగితే రోజులు పెరిగి బిల్లు అంచనాను మించిపోతుంది.

వ్యయము, ధర

ఈ రెండు మాటలను ఒకే అర్థంలో వాడడం పొరపాటు. ఒక చికిత్స చేయడానికి ఆసుపత్రికి నిజంగా అయ్యేది వ్యయం. రోగి నుండి వసూలు చేసేది ధర. ప్రభుత్వ ఆసుపత్రిలో వ్యయం ఎక్కువగా ఉన్నా రోగి చెల్లించే ధర స్వల్పం కావచ్చు, ఎందుకంటే జీతాలు, భవనాలు, యంత్రాల ఖర్చు ఖజానా భరిస్తుంది. ప్రైవేటు ఆసుపత్రిలో ధరలో పెట్టుబడిపై వడ్డీ, లాభం కూడా కలుస్తాయి. చాలా ఆసుపత్రులలో గది తరగతిని బట్టి అదే శస్త్రచికిత్సకు వేర్వేరు ధరలుంటాయి. కనుక రెండు దేశాల లేదా రెండు ఆసుపత్రుల అంకెలను పోల్చేటపుడు అవి వ్యయాన్ని తెలుపుతున్నాయా, ధరను తెలుపుతున్నాయా అన్నది ముందుగా చూడాలి.

స్టెంట్ల ధరల నియంత్రణ

2017కు ముందు భారతదేశంలో స్టెంట్ల ధరలపై పరిమితి లేదు. కంపెనీ నుండి పంపిణీదారుకు, అక్కడి నుండి ఆసుపత్రికి, చివరకు రోగికి చేరేసరికి ధర అనేక రెట్లు పెరిగేది. ఢిల్లీ హైకోర్టులో ఒక న్యాయవాది వేసిన ప్రజాప్రయోజన వ్యాజ్యం ఈ విషయాన్ని వెలుగులోకి తెచ్చింది. 2016 జూలైలో కేంద్ర ప్రభుత్వం స్టెంట్లను అత్యవసర మందుల జాతీయ జాబితాలో చేర్చింది. 2017 ఫిబ్రవరి 13న జాతీయ ఔషధ ధరల నిర్ణాయక సంస్థ గరిష్ఠ ధరలను ప్రకటించింది. పన్నులు కాక, మామూలు లోహపు స్టెంటుకు 7,260 రూపాయలు, మందు పూసిన స్టెంటుకు 29,600 రూపాయలుగా నిర్ణయించింది. అంతకు ముందు వీటి సగటు గరిష్ఠ అమ్మకపు ధర వరుసగా సుమారు 45 వేలు, లక్షా 21 వేల రూపాయలు. 2018 ఫిబ్రవరిలో ఈ పరిమితులను 7,660, 27,890 రూపాయలుగా సవరించారు. ఆ తరువాత టోకు ధరల సూచికను అనుసరించి సవరణలు జరుగుతూ వచ్చాయి.

ధర తగ్గిన తరువాత కొన్ని బహుళజాతి సంస్థలు తమ కొత్త రకం స్టెంట్లను ఇక్కడి విపణి నుండి ఉపసంహరించుకొనడానికి అనుమతి కోరాయి. స్టెంటుపై పోయిన ఆదాయాన్ని కొన్ని ఆసుపత్రులు ఇతర రుసుముల రూపంలో రాబట్టుకుంటున్నాయన్న ఆరోపణలు కూడా వచ్చాయి. ఒక పరికరం ధరను కట్టడి చేసినంత మాత్రాన మొత్తం బిల్లు అదే నిష్పత్తిలో తగ్గదని ఈ అనుభవం తెలియజేస్తున్నది.

ఖర్చు తగ్గించే ప్రయత్నాలు

తిరువనంతపురంలోని శ్రీ చిత్ర తిరునాళ్ సంస్థ స్వదేశీ కృత్రిమ కవాటాన్ని రూపొందించింది. దీనిని 1990లో మొదటిసారి రోగికి అమర్చారు. దిగుమతి కవాటాల కంటె ఇది చవక. హైదరాబాదులో క్షిపణి శాస్త్రవేత్త ఎ.పి.జె.అబ్దుల్ కలాం, హృద్రోగ నిపుణుడు డా. సోమరాజు కలిసి తక్కువ ధరకు లభించే స్టెంటును తయారు చేయించారు. 1990వ దశకంలో వచ్చిన ఈ పరికరం కలాం-రాజు స్టెంటుగా పేరుపొందింది.

పుట్టపర్తి సమీపంలోని ప్రశాంతిగ్రాంలో 1991 నవంబరులో ప్రారంభమైన శ్రీ సత్యసాయి ఉన్నత వైద్య విజ్ఞాన సంస్థలో గుండె శస్త్రచికిత్సలు పూర్తిగా ఉచితం. ఇది విరాళాలతో నడిచే నమూనా. బెంగుళూరులో డా. దేవి శెట్టి స్థాపించిన నారాయణ హృదయాలయ మరొక మార్గాన్ని ఎన్నుకున్నది. ఒకే చోట ఎక్కువ శస్త్రచికిత్సలు చేస్తే యంత్రాలు, భవనాల ఖర్చు ఎక్కువమందికి పంచబడి ఒక్కొక్కరిపై భారం తగ్గుతుందనేది దీని సూత్రం. కర్ణాటకలో సహకార సంఘాల రైతుల కోసం 2003లో అమలులోకి వచ్చిన యశస్విని పథకం మొదట్లో నెలకు 5 రూపాయల చందాతో శస్త్రచికిత్సలకు బీమా కల్పించింది.

తెలుగు రాష్ట్రాలలో ఆరోగ్యశ్రీ

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007 ఏప్రిల్ 1న వై.యస్.రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రిగా ఉండగా రాజీవ్ ఆరోగ్యశ్రీ పథకం మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాలలో మొదలై, తరువాత రాష్ట్రమంతటా విస్తరించింది. గుండె ఆపరేషన్లకు సహాయం కోరుతూ ముఖ్యమంత్రి సహాయనిధికి వచ్చిన దరఖాస్తులు ఈ పథకానికి ఒక ముఖ్య ప్రేరణ. తెల్ల రేషను కార్డు గల కుటుంబానికి ఏడాదికి లక్షన్నర రూపాయలు, అవసరమైతే మరో 50 వేలు పరిమితిగా ఉండేది. ప్రతి చికిత్సకు ముందే నిర్ణయించిన ప్యాకేజీ మొత్తాన్ని ప్రభుత్వం ఆసుపత్రికి చెల్లిస్తుంది. రాష్ట్ర విభజన తరువాత కూడా ఈ పథకం రెండు రాష్ట్రాలలోను కొనసాగింది. 2023 డిసెంబరులో తెలంగాణలో పరిమితిని 10 లక్షలకు, ఆంధ్రప్రదేశ్‌లో 25 లక్షలకు పెంచారు.

ప్యాకేజీ పద్ధతిలో రోగికి బిల్లు భయం తగ్గుతుంది. ఆసుపత్రికి అనవసరపు ఖర్చు తగ్గించుకొనే అవసరం ఏర్పడుతుంది. అయితే ప్యాకేజీ మొత్తం వ్యయం కంటె తక్కువగా ఉన్నా, బకాయిలు ఆలస్యమైనా ఆసుపత్రులు రోగులను చేర్చుకొనడానికి వెనుకాడతాయి. ఎక్కువగా ఉంటే అవసరం లేని చికిత్సలు పెరిగే ప్రమాదం ఉన్నది. కనుక నిజమైన వ్యయాన్ని లెక్కగట్టడం పథకం మనుగడకే కీలకం. జాతీయ స్థాయిలో 2018 సెప్టెంబరులో ప్రారంభమైన ఆయుష్మాన్ భారత్ పథకం కుటుంబానికి ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు రక్షణ కల్పిస్తుంది.

ఇతర మధ్యాదాయ దేశాలు

చైనా 2020 నవంబరులో దేశమంతటికీ కావలసిన స్టెంట్లను ఒకే టెండరు ద్వారా కొనుగోలు చేసింది. దానితో సుమారు 13 వేల యువాన్లున్న సగటు ధర సుమారు 700 యువాన్లకు పడిపోయింది. భారతదేశం చట్టం ద్వారా సాధించినదానిని చైనా కొనుగోలు శక్తి ద్వారా సాధించిందన్నమాట. థాయిలాండ్ 2002లో సార్వత్రిక ఆరోగ్య పథకాన్ని ప్రారంభించి, ఆసుపత్రిలో చేరిన రోగులకు జబ్బుల వర్గీకరణను బట్టి చెల్లించే పద్ధతిని అనుసరిస్తున్నది. బ్రెజిల్ 1988 రాజ్యాంగంలోనే ఆరోగ్యాన్ని పౌరుల హక్కుగా ప్రకటించింది.

కుటుంబంపై భారం

జాతీయ ఆరోగ్య లెక్కల ప్రకారం భారతదేశపు మొత్తం ఆరోగ్య వ్యయంలో ప్రజలు నేరుగా తమ జేబు నుండి పెట్టిన వాటా 2013-14లో 64.2 శాతం, 2021-22 నాటికి ఇది 39.4 శాతానికి తగ్గింది. అయినా అనేక కుటుంబాలు గుండె ఆపరేషను కోసం అప్పు చేయడం, పొలమో నగలో అమ్ముకొనడం తప్పడం లేదు. ఆసుపత్రి బిల్లులో కనిపించని ఖర్చులు కూడా ఉన్నాయి. పల్లె నుండి నగరానికి ప్రయాణం, తోడు ఉన్నవారి భోజనం, బస, రోగికి, సహాయకునికి పోయిన కూలి ఇటువంటివే.

ఆపరేషనుతో ఖర్చు ముగిసిపోదు. స్టెంటు వేయించుకున్నవారు రక్తం గడ్డకట్టకుండా రెండు రకాల మందులను కొన్ని నెలల పాటు, ఆ తరువాత ఒకదానిని దీర్ఘకాలం వాడాలి. లోహపు కవాటం అమర్చిన రోగి జీవితాంతం మందు వాడుతూ, క్రమం తప్పక రక్తపరీక్ష చేయించుకోవాలి. డబ్బు లేక ఈ మందులు మానివేస్తే స్టెంటు గాని, కవాటం గాని పూడుకుపోయి ప్రాణాపాయం కలగవచ్చు. ఆపరేషను ఉచితమై, మందులు ఉచితం కానప్పుడు ఈ చిక్కు ఏర్పడుతుంది.

చికిత్స అవసరంపై పరిశోధనలు

నిలకడగా ఉన్న ఛాతీనొప్పి రోగులపై జరిగిన కరేజ్ (2007), ఇస్కీమియా (2020) పరిశోధనలలో, మందులతో పాటు స్టెంటు లేదా బైపాస్ చేసినవారికి, ముందుగా మందులు మాత్రమే వాడినవారికి మరణాల సంఖ్యలో చెప్పుకోదగిన తేడా కనబడలేదు. ఛాతీనొప్పి ఉపశమనంలో మాత్రం చికిత్స వలన మేలు కనిపించింది. గుండెపోటు సమయంలో చేసే చికిత్సకు, ఎడమ ప్రధాన ధమనిలో పూడిక ఉన్నవారికి ఈ ఫలితాలు వర్తించవు. అందుచేత నిలకడగా ఉన్న రోగి తొందరపడి అప్పు చేయక, వైద్యునితో వివరంగా చర్చించుటకు అవకాశమున్నది. వైద్యుని సలహా లేకుండా చికిత్స మానుకొనడం మాత్రం తగదు.

నివారణ

భారతదేశంలో చిన్న వయసులోనే కవాటాలు చెడిపోవడానికి రుమాటిక్ జ్వరం ఒక ముఖ్య కారణం. పిల్లలలో గొంతునొప్పికి సకాలంలో చికిత్స చేసి, ఒకసారి ఈ జ్వరం వచ్చినవారికి క్రమం తప్పక పెన్సిలిన్ సూదిమందు ఇస్తే కవాటాలను చాలావరకు కాపాడవచ్చు. ఈ మందు ఖరీదు కవాట మార్పిడి ఖర్చుతో పోలిస్తే అత్యల్పం. పొగాకు మానడం, రక్తపోటును, మధుమేహాన్ని అదుపులో ఉంచుకొనడం వలన హృదయ ధమనుల జబ్బు ముప్పు తగ్గుతుంది.

ఇవి కూడా చూడండి

* గుండె
* గుండెపోటు
* ఆరోగ్యశ్రీ
* రుమాటిక్ జ్వరం
* ఎ.పి.జె.అబ్దుల్ కలాం