గోడ అవతల మామగారు

పాతికేళ్లు సినిమా హాల్లో ఆపరేటర్‌గా చేశాను. అందుకే 1966 నాటి బ్రిటిష్ సినిమా ‘ది ఫ్యామిలీ వే’లో నా కళ్లు ముందు పెళ్లికొడుకు ఉద్యోగం మీద పడ్డాయి. ఆర్థర్ ఫిట్టన్ మావాడే, ప్రొజెక్టర్ దగ్గర పనిచేసే కుర్రాడు.

ఊరు అప్పటి లాంకషైర్‌లోని బోల్టన్. 1779లో శామ్యూల్ క్రాంప్టన్ నూలు వడికే ‘మ్యూల్’ యంత్రాన్ని తయారుచేసిన చోటు. మిల్లుల చుట్టూ కూలీలకి బారులు బారులుగా ఇటుక ఇళ్లు కట్టారు. ఇంటికీ ఇంటికీ మధ్య ఒకటే గోడ. కొత్తగా పెళ్లయినవాళ్లకి వేరే కాపురం పెట్టడానికి ఇల్లు ఎక్కడ దొరుకుతుంది? మునిసిపాలిటీ ఇంటికోసం పేరు రాయించుకుని, అందాకా అత్తారింట్లోనో పుట్టింట్లోనో సర్దుకునేవారు.

ఆర్థర్, పెళ్లికూతురు జెన్నీ చేసిందీ అదే. హనీమూన్‌కని కట్టిన డబ్బుతో ట్రావెల్ ఏజెంటు ఉడాయించాడు. మొదటి రాత్రి మంచం కూలిపోయేలా ఎవడో ఆకతాయి పని చేశాడు. జెన్నీకి నవ్వొచ్చింది. ఆ నవ్వు ఆర్థర్‌కి గుండెల్లో గుచ్చుకుంది. గోడ అవతల తండ్రి ఎజ్రా ఉన్నాడని వాడు ఒక్క క్షణం మరిచిపోలేడు. వారాలు గడిచినా దగ్గర కాలేకపోయారు. సంగతి వీధిన పడింది.

మా పని తీరు నాకు తెలుసు. పగలు జెన్నీ రికార్డుల షాపులో ఉంటుంది. జనం ఇళ్లు చేరే వేళకి ఆపరేటర్ బయల్దేరతాడు. ఆ రోజుల్లో నల్లద్దంలోంచి కార్బన్ కడ్డీల మధ్య మంట చూస్తూ, అవి అరిగేకొద్దీ ముందుకు జరుపుతూ, తెరకి పైన కుడి మూల చుక్క కనబడగానే రెండో ప్రొజెక్టర్ అందుకోవాల్సి వచ్చేది. ఆట ముగిసి ఇంటికెళితే ఇల్లంతా నిద్రలో ఉండేది. మా పెళ్లయిన కొత్తలో మాకూ గది లేదు. అమ్మ కట్టిన దుప్పటి తెరే గోడ. గొంతు పెగిలేది కాదు.

ఈ కథ రాసిన బిల్ నాటన్ బోల్టన్‌లోనే పెరిగాడు. మగ్గం నేశాడు, లారీ నడిపాడు. ఆ ఇరుకు ఆయనకి ఒకరు చెప్తే తెలిసింది కాదు. తండ్రిగా జాన్ మిల్స్, కోడలిగా ఆయన సొంత కూతురు హేలీ మిల్స్ నటించారు. సంగీతం పాల్ మెకార్ట్‌నీది.

2007లో అయూబ్ ఖాన్-దిన్ ఈ కథనే బోల్టన్‌లో స్థిరపడిన భారతీయ కుటుంబంలోకి తెచ్చి ‘రఫ్తా రఫ్తా’ నాటకం రాశాడు. లండన్ నేషనల్ థియేటర్‌లో ఆడింది. తిండి మారింది, పెళ్లి తంతు మారింది. గోడ అవతల తండ్రి అలాగే ఉన్నాడు.