గులకరాళ్ల చేను

కిష్టారంలో మా అమ్మమ్మ వాళ్ల దొడ్డి చివర రెండు జీలుగు చెట్లుండేవి. ఏళ్ల తరబడి ఊరికే పెరుగుతాయి. ఒకసారి కల్లు కారడం మొదలైతే మాత్రం ఇంటికి అవే ఆస్తి. బస్తర్‌లో కూతురికి జీలుగు చెట్టు రాసిచ్చి అత్తారింటికి పంపే ఇళ్లున్నాయి. నేను ఫ్రాన్స్‌లోని బోర్డో వచ్చి పదకొండేళ్లయింది. ఇక్కడి ద్రాక్షతోటల కథ నాకు ఆ రెండు చెట్ల వల్లనే అర్థమైంది.

ఊరికి ఉత్తరాన, జిరోండ్ నదీముఖం ఒడ్డున మెడోక్ అనే సీమ. అందులో షాతో మార్గో. షాతో అంటే కోట అని నిఘంటువు చెబుతుంది. ఇక్కడివాళ్ల వాడుకలో మాత్రం తోట, ఇల్లు, పీపాల కొట్టు అన్నీ కలిపి షాతో. నేలంతా గులకరాళ్లు. మనవైపు ఇలాంటి చేను చూపిస్తే పిల్లనివ్వరు. ద్రాక్షకు మాత్రం అదే బలం. నీరు నిలవదు, పగటి వేడి రాళ్లలో దాగుతుంది, తేమ వెతుక్కుంటూ వేళ్లు లోతుకు దిగుతాయి.

ఈ తోట చూడని కాలం లేదు. ఫ్రెంచి విప్లవంలో సర్కారు దీన్ని జప్తు చేసి అమ్మేసింది. ఇప్పుడు కనిపించే స్తంభాల మేడ 1810లలో లూయీ కోంబ్ అనే వాస్తుశిల్పి కట్టింది. 1855లో పారిస్ ప్రదర్శన కోసం బోర్డో దళారులు ధరలను బట్టి వైన్లకు తరగతులు కట్టారు. ఎర్ర వైన్లలో నాలుగింటికే మొదటి తరగతి దక్కింది. వాటిలో మార్గో ఒకటి. ఆ తర్వాత ఫిల్లోక్సెరా పురుగు ఫ్రాన్స్ ద్రాక్ష వేళ్లను తినేస్తే, అమెరికా మొదళ్లకు అంటుకట్టి తోటల్ని నిలబెట్టుకున్నారు.

అసలు దెబ్బ 1970లలో తగిలింది. నీరసమైన పంటలు, చమురు సంక్షోభం, పడిపోయిన ధరలు. అప్పటి యజమానులైన జినెస్తే కుటుంబం తోటను అమ్మకానికి పెట్టింది. ఒక అమెరికా కంపెనీ ముందుకొస్తే, ఇది దేశపు సొత్తని ఫ్రాన్స్ ప్రభుత్వం ఒప్పుకోలేదు. చివరికి 1977లో కొన్నది ఆంద్రే మెంత్సెలోపులోస్. పుట్టుక గ్రీసు, ధాన్యం వ్యాపారంలో సంపాదించింది పాకిస్తాన్‌లో, పేరు తెచ్చింది ఫ్రాన్స్‌లో నడిపిన ఫెలిక్స్ పొతాఁ కిరాణా కొట్లు. నాలాగే వలస వచ్చినవాడు.

ఆయన మురుగు కాలవలు బాగు చేయించాడు, తీగలు మళ్లీ నాటించాడు, కొత్త ఓక్ పీపాలు తెప్పించాడు. ఎమీల్ పేనో అనే ఆచార్యుణ్ణి సలహాకు పిలిచాడు. వీటన్నిటికంటే నాకు నచ్చింది ఇంకొకటి. ఎప్పుడో మానేసిన పావియోఁ రూజ్ అనే రెండో వైన్‌ను మళ్లీ పట్టించారు. స్థాయికి తగ్గిన రసం అందులోకి పోతుంది, మార్గో పేరు మీద సీసాలోకి ఎక్కదు. మంచి రోజులు ఎక్కువకాలం చూడకుండానే 1980లో ఆయన పోయాడు. పగ్గాలు పట్టింది 27 ఏళ్ల కూతురు కొరిన్. ఇక్కడా ఆస్తి కూతురికే వచ్చిందన్నమాట.

రుచి ఎలా ఉంటుందని అడుగుతారు. ఇందులో ఎక్కువ పాలు కాబెర్నే సోవిన్యోఁ ద్రాక్ష. లేత వయసులో పచ్చి తునికికాయ కొరికినట్టు నాలుక పట్టేస్తుంది. పీపాలో నెలలు, సీసాలో ఏళ్లు గడిచాక ఆ వగరు మెత్తబడి వాసన విప్పుకుంటుంది. మెడోక్‌లో మార్గోకున్న పేరే అది: బలం కంటే పరిమళం. సీసా ధర వందల యూరోలు. నేను తాగింది ఒక స్నేహితుడింట్లో, అదీ పావియోఁ రూజ్, అరగ్లాసు.

ఆ గ్లాసు పట్టుకుని అమ్మమ్మనే తలుచుకున్నాను. పొద్దెక్కి పులిసిన కల్లు ఆమె చుట్టాలకు పోసేది కాదు, ఇంట్లోవాళ్లకే పెట్టేది. దానికి రెండో పేరు పెట్టాలని ఆమెకు తోచలేదు, అంతే.