హినా హీన ఎట్లా అయింది?

బోథ్‌లో మా ఇంటి ఆడపిల్ల పేరు హినా. గోరింటాకు అని అర్థం. అరబ్బీలో పుట్టి ఫారసీ మీదుగా ఉర్దూలోకి నడిచొచ్చిన మాట. బడిలో చేర్చిన రోజు రిజిస్టర్‌లో ‘హీన’ అని రాశారు. ఉన్నవి రెండే అక్షరాలు, రెండింటా దీర్ఘం తారుమారు. తెలుగులో ఆ మాటకు అర్థమేమిటో ఎవరికీ చెప్పనక్కర్లేదు. పదో తరగతి దాకా ఆ పిల్ల హాజరు పిలుపుకు తల వంచుకునే పలికింది. మా ఊరి పేరు చివరి ‘థ్’ను ఏనాడూ తప్పు రాయని బడే అది.

తప్పు ఒక్క గుమాస్తాదని అనుకుని ఊరుకోవచ్చు. కాని మా పేర్ల వెనక ఏ భాషలున్నాయో వినేవాళ్ళకు తెలియదు. మాకూ తెలియకుండా పోతోంది. మా ఆడపిల్లల చిన్న పేర్లు ఎక్కణ్ణుంచి వచ్చాయో ఒకసారి చూసుకుందామని ఈ నాలుగు మాటలు.

మా దాదీలు, నానీల పేర్లు చూడండి: చాంద్‌బీ, లాల్‌బీ, ఇమాంబీ, హుసేన్‌బీ, మదార్‌బీ. చివరి ‘బీ’ ఫారసీ ‘బీబీ’కి పొట్టి రూపం. గౌరవం గల ఇంటి ఇల్లాలు అని దాని భావం. పోచమ్మకూ లక్ష్మమ్మకూ ‘అమ్మ’ ఎట్లాగో మా వాళ్ళకు ‘బీ’ అట్లా. ఇక ‘చాంద్’ సంస్కృత చంద్రుడి నుంచి ప్రాకృతం మీదుగా దిగింది. అంటే చాంద్‌బీలో ముందు సగం ఈ దేశపు పాత మాట, వెనక సగం ఇరాన్ నుంచి వచ్చిన మాట. 1595లో మొగలు సైన్యం మీదికొస్తే అహ్మద్‌నగర్ కోటను కాపాడిన చాంద్ బీబీదీ ఆ పేరే. ‘లాల్’ ఫారసీలో ఎరుపు, కెంపు. హిందీలో ముద్దుబిడ్డ. మదార్‌బీ పేరు ఉత్తరప్రదేశ్‌లోని మకన్‌పూర్‌లో సమాధి అయిన షా మదార్ పేరు మీద వచ్చింది. ఇమాంబీ, హుసేన్‌బీ పీర్ల పండుగ పేర్లు. పీర్లకు మొక్కుకుని కన్న పిల్లలకు పెట్టేవాళ్ళు. ఆ మొక్కు మా ఇళ్ళకే పరిమితం కాలేదు. తెలుగు పల్లెల్లో హుసేనమ్మలు, ఫకీరమ్మలు ఎంతమంది లేరు?

తర్వాత మతం చదువుకున్న పెద్దలు వచ్చి మదార్‌బీ ఏం పేరన్నారు. అయేషా, ఫాతిమా పెట్టమన్నారు. ఆ పేర్లు మాకు ప్రాణమే, పెట్టుకున్నాం కూడా. కాని మా నానీ పేరు తప్పంటే మాత్రం ఒప్పుకోం. మీరు ఎక్కడివాళ్ళని బయటివాళ్ళు అడుగుతారు, మీది అసలు పేరేనా అని మావాళ్ళు అడుగుతారు. ఇద్దరి మధ్య నలిగింది నానీయే.

ఇంకో మాట. అఖీకాలో మగపిల్లాడికి రెండు మేకలు, ఆడపిల్లకు ఒకటి. పేరులోనూ అదే లెక్క కాబోలు. వాడికి మహమ్మద్‌తో మొదలై బారెడు పేరు, ఈమెకు రెండక్షరాలు.

నిజాం రాజ్యంలో 1880ల్లో ఫారసీ పోయి ఉర్దూ కచేరీ భాష అయింది. 1948లో రాజ్యం పోయింది, 1956లో ఆంధ్రప్రదేశ్ వచ్చింది. మా తరం ఇంట్లో దక్కనీ మాట్లాడి బడిలో తెలుగు రాసింది. తెలుగు మాకు పరాయిది కాదు, ఈ వ్యాసం రాస్తున్నదీ అందులోనే. కాని ఉర్దూ లిపి చేతిలోంచి జారిపోయాక పేర్ల అర్థాలు కలగాపులగమయ్యాయి. ‘సనా’ ఉర్దూలో ఒక తీరు రాస్తే పొగడ్త, ఇంకో తీరు రాస్తే వెలుగు. హకీములు విరేచనాలకు ఇచ్చే ఆకు కూడా సనానే! ‘సబా’ ఒక ‘స’తో రాస్తే తెల్లవారుజామున వీచే గాలి, ప్రియురాలి కబురు మోసుకొచ్చేదని కవులు చెప్పే గాలి. ఇంకో ‘స’తో రాస్తే ఒకప్పటి రాజ్యం. తెలుగులో ఉన్నది ఒక్కటే ‘స’. తాత ఏది అనుకుని పెట్టాడో ఆయన రాసిన చీటీలో ఉంటుంది, చదివేవాళ్ళు ఇంట్లో లేరు. ‘జేబా’ అంటే ఫారసీలో అందగత్తె. ఇక్కడ పిల్లలు ఆమెను జేబు అని ఏడిపిస్తారు. ‘నూర్’ అంటే వెలుగు, మన దగ్గర నూరు అయిపోతుంది. దానికి మాత్రం మాకు బాధ లేదు, నూరేళ్ళు బతకమన్నట్టే వినిపిస్తుంది. ‘గుడ్డీ’ అంటే బొమ్మ. తెలుగు ఇరుగుపొరుగు వింటుంటే మా అమ్మీ ఆ ముద్దుపేరు నోట్లోనే మింగేసేది.

1992 డిసెంబర్ తర్వాత మా ఇళ్ళలో పేరు పెట్టేటప్పుడు కొత్త ఆలోచన ఒకటి దూరింది. 2008లో భైంసా అల్లర్లు, వాతోలిలో ఒకే ఇంటివాళ్ళు ఆరుగురి సజీవ దహనం చూశాక అది ఇంకా గట్టిపడింది. బస్సులో ఎవరైనా పిలిస్తే పక్కవాళ్ళు తిరిగి చూడని పేరు కావాలి. సోనీ, రూబీ, మీనా. మీనా ఫారసీలో లోహం మీద వేసే రంగుల గాజుపూత, సంస్కృతంలో చేప. ఎవరికి ఏది కావాలంటే అది. ఈ పేర్లు పెట్టుకున్న తల్లులను పిరికివాళ్ళనే హక్కు ఎవరికీ లేదు. కాని బిడ్డను పిలవడానికి పెట్టే పేరును బిడ్డను దాచడానికి పెట్టాల్సి రావడం ఎంత బరువో, అట్లా పెట్టుకోని ఇళ్ళవాళ్ళు ఒకసారి ఆలోచించాలి.

2017లో తెలంగాణ ప్రభుత్వం ఉర్దూను రాష్ట్రమంతటా రెండో అధికార భాష చేసింది. అప్పటికే మా పిల్ల పదో తరగతి మెమోలో ‘హీన’ పడిపోయి ఉంది. అది దిద్దించుకోవడానికి ఎన్నిసార్లు తిరిగామో చెప్పుకుంటే అదో వ్యాసం.

ఈ మధ్యే హినాకు కూతురు పుట్టింది. చాంద్ అని నానీ పేరే పెట్టుకుంటానంది. వెనక బీ ఉండాలా వద్దా అన్నది ఇంట్లో ఇంకా తేలలేదు. జనన ధ్రువపత్రంలో పేరు గడి ఖాళీగానే ఉంది. ఏడాది లోపు రుసుం లేకుండా రాయించుకోవచ్చు. ఈసారి మేమే ఒక కాగితం మీద తెలుగులోనూ ఉర్దూలోనూ రాసి తీసుకెళ్తాం.