తుమ్ముల గోలీ కథ: పారిస్ నుంచి పటాన్‌చెరు దాకా

జహీరాబాద్ చుట్టుపక్కల తండాల్లో సిట్రజిన్ గోలీ తెలియని ఇల్లు ఉండదు. వానలు పడి గట్ల మీద వయ్యారిభామ పూతకొచ్చిందంటే తుమ్ములు, కళ్ల మంటలు, చేతుల మీద దద్దుర్లు మొదలు. వెంటనే కిరాణా కొట్టుకో, ఆర్‌ఎంపీ దగ్గరికో పోతాం. ఆ చిన్న గోలీకీ ఒక చరిత్ర ఉంది. అందులో కొంత మన పాత మెదక్ జిల్లాలోనే జరిగింది. పోస్టు కొంచెం పొడుగే, ఓపికగా చదవండి.

ముందు ఆ మొక్క సంగతి. వయ్యారిభామ మన నేల మొక్క కాదు. 1950ల నడుమ పుణె దగ్గర కంటబడి, అక్కడి నుంచి దేశమంతా పాకింది. మన తాతల చిన్నతనంలో గట్ల మీద అది లేనే లేదు.

ఇక మందు. అలర్జీలో ఒళ్లు హిస్టమిన్ అనే పదార్థాన్ని వదులుతది. తుమ్ము, దురద, వాపు దాని పనే. 1910లో ఇంగ్లండ్‌లో హెన్రీ డేల్, లైడ్లా దాని ప్రభావాన్ని చూపించారు. 1937లో పారిస్ పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో డానియెల్ బోవే, ఆయన దగ్గర పరిశోధన చేస్తున్న విద్యార్థిని ఆన్-మరీ స్టాబ్ కలిసి దాన్ని అడ్డుకునే మొదటి మందు కనిపెట్టారు. అది విషపూరితం, మనుషులకు పనికిరాలేదు. పనికొచ్చేది 1942లో వచ్చింది. 1957లో నోబెల్ బోవేకు దక్కింది. స్టాబ్ పేరు మాత్రం వెనక్కి పోయింది. చేసిన పని ఒకరిది, పేరు ఇంకొకరిది కావడం మనకు మాత్రం కొత్తా?

ఈ మందు హిస్టమిన్‌ను చంపదు. ఆర్టీసీ బస్సులో కిటికీలోంచి తువ్వాల వేసి సీటు ఆపుకున్నట్టు, హిస్టమిన్ కూర్చునే చోట ముందే కూర్చుంటది. హిస్టమిన్ వచ్చి నిలబడే ఉంటది. అందుకే గోలీ లక్షణాలను ఆపుతది గానీ, అలర్జీని తీసెయ్యదు.

పాత రకాలతో వచ్చిన చిక్కు నిద్ర. మెదడులో మనల్ని మేల్కొలిపి ఉంచే వాటిలో హిస్టమిన్ కూడా ఒకటి. అవిల్, సీపీఎం, ఫెనర్గాన్ లాంటివి మెదడులోకి పోయి ఆ సీటు కూడా ఆపేస్తయి. ఫెనర్గాన్ మత్తు ఎంతటిదంటే, ఆ దారిలోనే వెతుకుతూ పోయి 1950లో క్లోర్‌ప్రోమజిన్ తయారుచేశారు. అది మానసిక వ్యాధులకు వాడే మందయింది. 1980లలో బెల్జియం నుంచి సిట్రజిన్ వచ్చింది. దీంతో మత్తు తక్కువ, అసలే లేదని మాత్రం కాదు. అదే కాలంలో మత్తు లేదని మస్తు పేరు తెచ్చుకున్న టర్ఫెనడిన్‌ను, కొన్ని ఇతర మందులతో కలిస్తే గుండె లయ తప్పిస్తున్నదని 1990ల చివర్లో అమెరికాలో మార్కెట్ నుంచి తీసేశారు.

మరి బెల్జియం గోలీ మన తండాలో ఇంత అగ్గువకు ఎట్లా దొరుకుతున్నది? 1970 పేటెంట్ చట్టం 1972లో అమల్లోకి వచ్చింది. మందు మీద కాకుండా తయారీ పద్ధతి మీదే పేటెంట్ ఇచ్చింది. హైదరాబాద్ ఐడీపీఎల్‌లో పని నేర్చినవాళ్లు బయటికొచ్చి సొంత కంపెనీలు పెట్టారు. జహీరాబాద్ నుంచి హైదరాబాద్ పోయే హైవే మీది పటాన్‌చెరు మందుల ఊరైంది.

ఆ అగ్గువ ధర వెనుక ఇంకొకరు కట్టిన బిల్లు ఉంది. 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు పటాన్‌చెరులో కంపెనీల మురుగు శుద్ధి చేసే ప్లాంటు నుంచి బయటికొచ్చే నీళ్లను పరీక్షించారు. లీటరుకు ఒక మిల్లీగ్రాము పైనే సిట్రజిన్ తేలింది. అంటే పది లీటర్లలోపు నీళ్లలో ఒక గోలీకి సరిపడా మందు! యాంటీబయాటిక్ సిప్రోఫ్లాక్సాసిన్ అయితే దానికి ఎన్నో రెట్లు. 2009లో ఆ చుట్టుపక్కల చెరువుల్లో, బావుల్లో కూడా ఇవి కనిపించినట్టు రాశారు. మన తుమ్ములు ఆపిన గోలీ ఆ ఊళ్ల నీళ్లలో తేలిందన్నమాట.

ఇక వాడకం. పెద్దవాళ్లకు సిట్రజిన్ మామూలుగా రోజుకు 10 మి.గ్రా. ఒక్కటే. దురద తగ్గలేదని ఇంకొకటి మింగొద్దు. చాలా జలుబు గోలీల్లో సీపీఎం ముందే ఉంటది, దాని మీద సిట్రజిన్ వేస్తే డబుల్ డోసే. స్ట్రిప్ వెనుక పేర్లు చదవండి. పేరు లేని పుడ గోలీలు ఇస్తే స్ట్రిప్ చూపించమని అడగండి. తెల్లారి చెరకు ట్రాక్టర్ నడిపేటోళ్లు, బైక్ మీద పరీక్షకు పోయేటోళ్లు రాత్రి సీపీఎం వేసుకుంటే పొద్దున కూడా ఆ మత్తు మిగులుతది.

కల్లు, సారా తాగిన రోజు ఈ గోలీ వద్దే వద్దు. మన దిక్కు కల్తీ కల్లులో అల్ప్రాజోలం కలిపిన కేసులు ఎన్నోసార్లు పట్టుబడ్డయి. మత్తు మీద మత్తు పడితే ఊపిరి మందగించవచ్చు. నీటికాసులు ఉన్నవాళ్లు, మూత్రం సరిగా రాని ముసలివాళ్లు పాత రకాలు వాడకూడదు. కిడ్నీ జబ్బు ఉంటే సిట్రజిన్ డోసు తగ్గించాలి. గర్భిణులు డాక్టర్‌ను అడగాలి. సీపీఎం, ఫినైలెఫ్రిన్ కలిసిన జలుబు మందు నాలుగేళ్లలోపు పిల్లలకు వాడొద్దని 2023 డిసెంబర్‌లో కేంద్ర డ్రగ్ కంట్రోలరే చెప్పారు.

తేనెటీగ కుట్టాకనో, ఏదైనా మందు పడకనో నాలుక, గొంతు వాచి ఊపిరి ఆడకపోతే సిట్రజిన్ కోసం వెతుకుతూ కూర్చోకండి. అప్పుడు కావాల్సింది అడ్రినలిన్ ఇంజెక్షన్. 108కి ఫోన్ చేసి, తండా పేరుతో పాటు రోడ్డు గుర్తు కూడా చెప్పండి.