ఆ 7 రోజుల విరామం ఎవరు పెట్టారు?

శ్రావణమాసం వస్తోందంటే మన ఊళ్లలో మందుల షాపులవాళ్లు నెలసరిని వాయిదా వేసే ఒక మాత్రను కాస్త ఎక్కువగా తెప్పించి పెట్టుకుంటారు. వరలక్ష్మీ వ్రతం, పెళ్లి ముహూర్తం, గృహప్రవేశం, తిరుమల ప్రయాణం, ఏదైనా సరే, తేదీలు కలిసొచ్చేలా లేవనిపిస్తే ఆ మాత్ర తెప్పించేది చాలాసార్లు అమ్మో అత్తగారో. డాక్టరు చీటీ అడిగేవాళ్లు తక్కువ. నెలసరి రావాల్సిన తేదీకి మూడు రోజుల ముందు మొదలుపెట్టి పూటకొకటి చొప్పున వేసుకుంటారు. పని అయిపోయాక ఆపేస్తే రెండు మూడు రోజుల్లో బహిష్టు వస్తుంది.

అదే ఇంట్లో ఎవరైనా కోడలు వచ్చి, ఏకంగా మూడు నెలలపాటు నెలసరి రాకుండా గర్భనిరోధక మాత్రలు వాడతానంటే మాత్రం అందరికీ భయం పుడుతుంది. చెడు రక్తం ఒంట్లోనే నిలిచిపోతుందని, గర్భసంచి పాడవుతుందని, ఇక పిల్లలు పుట్టరని అంటారు. పూజకోసం నాలుగు రోజులు ఆపితే లేని ప్రమాదం, ఒక ఆడమనిషి తన సౌకర్యంకోసం ఆపుకుంటే ఎక్కణ్ణుంచి వచ్చింది? ఆ జవాబు దొరకాలంటే ఆ మాత్ర పుట్టిన చోటికి వెళ్లాలి.

వాయిదా మాత్రలో ఉండేది 5 మిల్లీగ్రాముల నోరెథిస్టిరోన్. దాన్ని 1951 అక్టోబరు 15న మెక్సికో నగరంలో, సింటెక్స్ అనే కంపెనీ ప్రయోగశాలలో లూయిస్ మిరామోంటెస్ అనే కుర్ర రసాయనవేత్త తయారుచేశాడు. కార్ల్ జెరాసీ, జార్జ్ రోజెన్‌క్రాంజ్ అతనికి పై శాస్త్రవేత్తలు. ముడిసరుకు బార్బాస్కో అనే అడవి దుంప. ఆ జాతి దుంపల్లోని పదార్థాన్ని ప్రొజెస్టిరోన్ హార్మోనుగా మార్చవచ్చని అంతకు కొన్నేళ్ల ముందే అమెరికా రసాయనవేత్త రస్సెల్ మార్కర్ కనిపెట్టాడు. మిరామోంటెస్ బృందం వెతుకుతున్నది గర్భనిరోధకం కాదు. నెలసరి ఇబ్బందులకూ గర్భస్రావాలకూ నోటితో మింగగలిగే మందు దొరికితే చాలనుకున్నారు. మొదటినుంచీ ఈ మందుకు నెలసరితోనే పని.

నోరెథిస్టిరోన్ అనుకరించేది ప్రొజెస్టిరోన్‌నే కాబట్టి, ఆ హార్మోను చేసే పని తెలిస్తే మిగతా కథ తేలిగ్గా అర్థమవుతుంది. అండం విడుదలయ్యాక ఒంట్లో ఈ హార్మోను పెరిగి, గర్భసంచి లోపలి పొరను గర్భానికి సిద్ధం చేస్తుంది, మరో అండం విడుదల కాకుండా చూస్తుంది. గర్భం నిలవకపోతే హార్మోను పడిపోతుంది, పొర ఊడి రక్తంతో బయటికి వస్తుంది. దాన్నే నెలసరి అంటాం. బయటినుంచి హార్మోను రోజూ అందుతుంటే అండం విడుదల కాదు, పొర కూడా మందంగా పెరగదు. అంటే ఊడిపడటానికి లోపల పోగుపడేది ఏమీ ఉండదు. చెడు రక్తం నిలిచిపోతుందన్న భయానికి ఆధారం లేదు.

ఇంత సులువైన సంగతి గర్భనిరోధక మాత్ర తయారుచేసినవాళ్లకు తెలియక కాదు. బోస్టన్ వైద్యుడు జాన్ రాక్ 1953 ప్రాంతంలో సంతానం కలగని 80 మంది స్త్రీలకు ఈస్ట్రోజన్, ప్రొజెస్టిరోన్ హార్మోన్లను నెలల తరబడి ఆపకుండా ఇచ్చాడు. అండాశయాలకు కొన్నాళ్లు విశ్రాంతినిస్తే తర్వాత గర్భం నిలవవచ్చని ఆయన ఆశ. మందు ఆపాక వాళ్లలో 13 మంది నిజంగానే గర్భం దాల్చారు. కానీ మందు వాడుతున్నన్నాళ్లూ వాళ్లు పడిన యాతన వేరు. నెలసరి ఆగింది, వికారం, రొమ్ముల్లో బరువు. ఏళ్లుగా బిడ్డకోసం ఎదురుచూస్తున్న ఆ స్త్రీలు కడుపు పండిందనుకున్నారు. కాదని తెలిసినప్పుడు ఎంత కుంగిపోయి ఉంటారో ఊహించుకోవచ్చు. అప్పటికే గర్భనిరోధకం మీద పనిచేస్తున్న గ్రెగరీ పింకస్ ఒక ఉపాయం చెప్పాడు: నెలలో 20 రోజులు మందిచ్చి ఆపండి, రక్తం కనిపిస్తుంది, గర్భం కాదని వాళ్లకు తెలుస్తుంది.

గర్భనిరోధక మాత్రకు అంటుకున్న నెలనెలా విరామం ఇక్కడ పుట్టింది. మాత్ర వాడేటప్పుడు కనిపించే రక్తస్రావం అసలు నెలసరి కాదు. హార్మోను ఆపినందుకు పలచని పొర రాలడం, అంతే. ఆ రోజుల్లో ఇంట్లో చూసుకునే గర్భపరీక్షలు లేవు కాబట్టి నెలకోసారి రక్తం కనపడటం పెద్ద ధైర్యమే. పైగా రాక్ నిష్ఠగల క్యాథలిక్కు. శరీరం సహజంగా చేసే పనినే మాత్ర కూడా చేస్తోందని, కాబట్టి చర్చి దీన్ని ఒప్పుకోవాలని 1963లో పుస్తకమే రాశాడు. 1968లో పోప్ ఆరవ పాల్ కృత్రిమ గర్భనిరోధకాలన్నిటినీ కాదన్నాడు. పోప్ ఒప్పుకోలేదుగానీ విరామం మాత్రం ఉండిపోయింది.

పింకస్ పరిశోధనకు డబ్బు ప్రధానంగా ఒక స్త్రీ ఇచ్చింది, కేథరిన్ మెకార్మిక్. ఆమెను పింకస్‌తో కలిపింది గర్భనిరోధక ఉద్యమకారిణి మార్గరెట్ సాంగర్. ఆ పరిశోధనలో పుట్టిన ఎనోవిడ్ అనే మాత్రకు అమెరికా ఆహార ఔషధ సంస్థ 1957లో నెలసరి ఇబ్బందుల మందుగా అనుమతినిచ్చింది. ఇది వాడితే అండం విడుదల కాదని హెచ్చరిక రాసి ఉండేది. కావాల్సినవాళ్లకు ఆ హెచ్చరికే చాలింది. 1959 నాటికి సుమారు 5 లక్షల మంది అమెరికా స్త్రీలు దాన్ని వాడుతున్నారు! గర్భనిరోధకంగా అనుమతి 1960లో వచ్చింది.

అయితే అంతకుముందు 1956లో ప్వెర్టోరికోలోని రియో పియెద్రాస్ అనే పేటలో జరిగినదాన్ని దాటేసి ఈ కథ చెప్పకూడదు. అక్కడి పేద స్త్రీలమీద మాత్రను పెద్దయెత్తున పరీక్షించారు. అది గర్భం రాకుండా ఆపుతుందని చెప్పారుగానీ వాళ్లమీద జరుగుతున్నది ప్రయోగమని చెప్పలేదు. తలతిరుగుడు, వాంతులు, తలనొప్పి ఎక్కువగా ఉన్నాయని అక్కడి వైద్యురాలు ఎడ్రిస్ రైస్-రే రాసి పంపితే పింకస్ బృందం తేలిగ్గా తీసుకుంది. అక్కడ ఇచ్చిన మాత్ర మోతాదు 10 మిల్లీగ్రాములు.

విరామాన్ని స్థిరపరచిన మరో మనిషి వైద్యుడు కాదు. అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రంలోని జెనీవా అనే ఊళ్లో డేవిడ్ వాగ్నర్ అనే ఇంజినీరు ఉండేవాడు. నలుగురు పిల్లలు పుట్టాక భార్య డోరిస్ మాత్రలు మొదలుపెట్టింది. ఇవాళ వేసుకున్నావా అని ఆయన అడగడం, వేసుకున్నానో లేదోనని ఆమె తడుముకోవడం. ఆయన ఒక కాగితంమీద వారాల పేర్లు రాసి అద్దంబల్లమీద పరచి, ఒక్కో రోజుమీద ఒక్కో మాత్ర పెట్టాడు. ఒకరోజు ఏదో మీద పడి మాత్రలన్నీ చెల్లాచెదురయ్యాయి. అప్పుడు ప్లాస్టిక్ బిళ్లలకు రంధ్రాలు చేసి, తిప్పితే ఏరోజు మాత్ర ఆరోజే బయటపడే గుండ్రటి పెట్టె తయారుచేశాడు. 1964లో దానికి పేటెంటు వచ్చింది. అప్పటినుంచి మాత్రల పెట్టె క్యాలెండరుతో ముడిపడింది. 21 రోజులు హార్మోను, 7 రోజులు ఖాళీ అన్న లెక్క 4 వారాల్లో చక్కగా ఇమిడింది.

మన ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఉచితంగా ఇచ్చే మాలా-ఎన్ అట్టలోనూ లెక్క ఇదే. 28 మాత్రల్లో 21 హార్మోనువి, చివరి 7 ఇనుము మాత్రలు. రక్తహీనత ఉన్న దేశంలో ఇనుము ఇవ్వడం మంచి ఆలోచనే. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 2019-21లో ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ సగం మందికి పైగా స్త్రీలకు రక్తం తక్కువగా ఉంది. కానీ అలాంటి స్త్రీకి ఆ 7 రోజుల విరామంలో వచ్చే రక్తస్రావం అవసరమా అన్న ప్రశ్న మన దగ్గర ఎవరూ పెద్దగా అడగలేదు.

ఆ ప్రశ్న మొదట గట్టిగా అడిగింది ఎడింబరో వైద్యులు. 1977లో వారు 196 మంది స్త్రీలకు మాత్రలను 12 వారాలు ఆపకుండా ఇచ్చి, తర్వాతే విరామం ఇచ్చారు. ఏడాదికి నాలుగుసార్లే రక్తస్రావం. ఎక్కువమంది దాన్ని ఇష్టపడ్డారు. అయినా ఆ పద్ధతికి తగ్గ పెట్టె సీజనేల్ పేరుతో అమెరికా మార్కెట్లోకి అనుమతి పొందేసరికి 2003 అయింది. 2007లో లైబ్రెల్ వచ్చింది, దాన్లో విరామమే లేదు. మొదటి నెలల్లో మధ్యమధ్య మరకలు కనిపించడం ఈ పద్ధతులన్నిటికీ ఉన్న ఇబ్బంది. చెప్పకుండా ఇస్తే చాలామంది భయపడి మధ్యలోనే మానేస్తారు. 2019లో బ్రిటన్ లైంగిక, పునరుత్పత్తి ఆరోగ్య వైద్యుల సంస్థ తన మార్గదర్శకాల్లో తేల్చి చెప్పింది: 7 రోజుల విరామంవల్ల ఆరోగ్యానికి ఒరిగేదేమీ లేదు, కావాలంటే స్త్రీలు దాన్ని తగ్గించుకోవచ్చు లేదా మానేయవచ్చు.

నెలనెలా రావడమే సహజం కదా అనేవాళ్లకు ఆఫ్రికాలోని మాలీ దేశంనుంచి ఒక జవాబుంది. అక్కడి డోగన్ తెగ స్త్రీలు బహిష్టు సమయంలో ఊరికి వేరుగా ఉన్న గుడిసెలో పడుకుంటారు. బెవర్లీ స్ట్రాస్‌మన్ అనే మానవశాస్త్రవేత్త 1980ల చివర్లో రెండేళ్లకు పైగా ప్రతిరాత్రీ ఆ గుడిసెలో ఎవరున్నారో రాసుకుంది. గర్భనిరోధకాలు వాడని ఆ స్త్రీలకు జీవితకాలంలో వచ్చే నెలసరులు సుమారు 100 అని తేలింది. ఈ కాలపు నగర స్త్రీకి 400 వరకూ వస్తాయి. మన ముత్తవ్వల బతుకులూ డోగన్ స్త్రీల బతుకుల్లాంటివే. పెద్దమనిషైన కొన్నాళ్లకే కాపురం, వరసగా కాన్పులు, ఒక్కో బిడ్డకు రెండు మూడేళ్లు పాలు. నెలసరి వాళ్లకు మధ్యమధ్య వచ్చిపోయేది. అంతమాత్రాన ఆ బతుకు మంచిదని కాదు. నెలనెలా తప్పకుండా రావడమే ఒంటికి అనాదిగా ఉన్న నియమం అనుకోనక్కర్లేదు, అంతవరకే.

ఈ చరిత్రలో తెలుగునేలకు సొంతంగా ఒక పుట ఉంది. 1985లో హైదరాబాద్ పక్కనున్న పటాన్‌చెరులో నెట్-ఎన్ అనే సూదిమందు శిబిరం పెట్టారు. నెట్-ఎన్ అంటే మన వాయిదా మాత్రలోని నోరెథిస్టిరోన్‌కే సూదిరూపం. రెండు నెలలకొకసారి 200 మిల్లీగ్రాములు. అది పరీక్షల దశలో ఉందని, నెలసరి గతి తప్పుతుందని, కొందరికి ఆగిపోతుందని అక్కడికొచ్చిన స్త్రీలకు చెప్పలేదని స్త్రీ శక్తి సంఘటన కార్యకర్తలు గుర్తించారు. 1986లో ఆ సంఘం మరికొన్ని మహిళా సంఘాలతో కలిసి సుప్రీంకోర్టుకు వెళ్లింది. నెట్-ఎన్‌ను ప్రభుత్వ కుటుంబ నియంత్రణ కార్యక్రమంలో పెట్టబోమని ప్రభుత్వం చెప్పడంతో 2000లో ఆ కేసు ముగిసింది. వాళ్లు సైన్సుకు అడ్డుపడ్డారని అప్పట్లోనూ తర్వాతా అన్నవాళ్లున్నారు. రియో పియెద్రాస్ సంగతి తెలిసిన ఎవరూ ఆ మాట అనలేరు. రక్తం ఆగడం వైద్యుడికి చిన్న దుష్ప్రభావం కావచ్చు. చెప్పకుండా ఆపితే ఆ స్త్రీకి అది గర్భం వచ్చిందన్న భయం, రోగమన్న భయం, ఇంట్లో అనుమానం. అదే విషయం ముందే తెలిసి, తానే కోరుకుంటే, నెలకు ఐదు రోజుల బాధ తప్పడం.

మరో సూదిమందు, డీఎంపీఏ, అంతర పేరుతో 2017నుంచి ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఉచితంగా దొరుకుతోంది. మూడు నెలలకొక సూది. ఏడాది వాడేసరికి దాదాపు సగం మందికి నెలసరి ఆగిపోతుంది. మానేశాక మళ్లీ గర్భం నిలవడానికి కొన్ని నెలలు ఆలస్యం కావచ్చు. దీర్ఘకాలం వాడితే ఎముకల సాంద్రత తగ్గుతుంది, ఆపాక చాలావరకు కోలుకుంటుంది. సూది వేసేముందు ఏఎన్ఎమ్ నర్సు కూర్చోబెట్టి ఈ మాటలు చెప్పాలి. ఆ పది నిమిషాలు దొరికిన స్త్రీకీ దొరకని స్త్రీకీ అనుభవం పూర్తిగా వేరుగా ఉంటుంది. అదే ఏడాది కార్యక్రమంలోకొచ్చిన ఛాయ మాత్ర లక్నోలోని కేంద్రీయ ఔషధ పరిశోధన సంస్థ తయారుచేసింది. దాన్లో హార్మోను లేదు. మొదట్లో వారానికి రెండు, మూడు నెలల తర్వాత వారానికొకటి. వాడేవాళ్లలో కొందరికి నెలసరి ఆలస్యంగా వస్తుంది.

ఇక రక్తస్రావాన్ని తగ్గించడంలో అన్నిటికన్నా గట్టిది ఫిన్లండ్‌లో పుట్టింది. తపానీ లూక్కైనెన్ అనే వైద్యుడు గర్భసంచిలో పెట్టే లూప్‌కు లెవోనార్‌జెస్ట్రెల్ హార్మోనును జోడించాడు. 1990లో మిరేనా పేరుతో అక్కడ అమ్మకానికొచ్చింది. దాన్లో 52 మిల్లీగ్రాముల మందు ఉంటుంది, రోజుకు 20 మైక్రోగ్రాముల చొప్పున నేరుగా గర్భసంచి పొరకు చేరుతుంది. కాపర్-టీ వేస్తే కొందరికి బహిష్టు ఎక్కువవుతుంది, ఇది దానికి సరిగ్గా వ్యతిరేకం. ఏడాది తిరిగేసరికి ఐదుగురిలో ఒకరికి రక్తస్రావం పూర్తిగా ఆగుతుంది, మిగతావాళ్లలో చాలామందికి బాగా తగ్గుతుంది.

తెలుగు రాష్ట్రాల్లో దీని విలువ ఎక్కువ. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15నుంచి 49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశమంతటా 3.2 శాతమైతే, ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. కారణం అడిగితే ఎక్కువమంది చెప్పేది ఒకటే, బహిష్టు విపరీతంగా అవుతోందని. కూలికి పోయే స్త్రీ నెలకు వారం రోజులు రక్తంతో పొలంలో నిలబడలేక, ఇద్దరు పిల్లలు పుట్టారు ఇక సంచితో పనేముందన్న మాట విని, 40 ఏళ్లు నిండకముందే ఆపరేషను బల్ల ఎక్కుతోంది. అండాశయాలు కూడా తీసేస్తే అప్పటికప్పుడే ముట్లుడిగిపోతాయి, ఎముకలూ గుండే దెబ్బతింటాయి. సంచి తీయకుండానే రక్తస్రావాన్ని తగ్గించగల హార్మోను లూప్ 2022 జాతీయ అత్యవసర మందుల జాబితాలో ఉంది.

అనవసరపు గర్భసంచి ఆపరేషన్ల మీద నరేంద్ర గుప్తా అనే వైద్యుడు వేసిన వ్యాజ్యంలో 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. కేంద్ర ఆరోగ్యశాఖ ఇచ్చిన మార్గదర్శకాలను రాష్ట్రాలన్నీ మూడు నెలల్లో అమలుచేయాలంది. ఆపరేషనుకు బదులు మాత్రో, సూదో, లూపో ఏది వాడాలన్నా మనిషిని బట్టి ఉంటుంది. కాళ్ల నరాల్లో రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉన్నవాళ్లు, కళ్లముందు మెరుపులతో వచ్చే మైగ్రేన్ ఉన్నవాళ్లు, 35 దాటి పొగతాగేవాళ్లు ఈస్ట్రోజన్ కలిసిన మాత్రలు వాడకూడదు. రక్తం గడ్డకట్టే ముప్పు ఉన్నవాళ్లకు వాయిదా మాత్ర కూడా ప్రమాదమే. పైగా దాన్ని నాలుగు రోజులు మింగినంతమాత్రాన గర్భం రాకుండా రక్షణ ఉండదు. షాపులో చీటీ లేకుండా కొనేవాళ్లకు ఈ రెండు సంగతులూ చెప్పేవాళ్లు ఇప్పటికీ కరువే.